చేప మీదికి ఫ్లాష్ గురిపెట్టకండి

భూమ్మీద ఫ్లాష్‌తో చెయ్యి తిరిగినవాళ్ళకి, నీటి అడుగు ఫోటోల కోసం నేను చెప్పే ఈ సలహాలన్నీ తప్పుడు సలహాల్లా వినిపిస్తాయి. పవర్ చూసి ఫ్లాష్ కొనకండి. కొన్నాక దాన్ని చేప మీదికి గురిపెట్టకండి. జూమ్ ముట్టుకోకండి. ఆటోమేటిక్‌ని నమ్మకండి. చాలా సందర్భాల్లో అసలు వెలిగించకండి. స్టూడియోలో పని నేర్పే ఏ గురువూ ఇలా చెప్పడు. నేను మాత్రం ప్రతి మాటా మనస్ఫూర్తిగానే చెబుతున్నాను.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అండమాన్ నీళ్ళు తేటగా ఉండే రోజుల్లో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పిలుస్తున్న హేవ్‌లాక్‌లో ఏ డైవ్ సెంటర్ దగ్గర సాయంత్రం కూర్చున్నా మన తెలుగు మాట వినబడుతుంది. హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ సెలవు పెట్టుకుని వచ్చిన పిల్లలు ల్యాప్‌టాప్ తెరిచి ఆ రోజు తీసినవి చూసుకుంటూ ఉంటారు. కెమెరా మంచిదే, ఫ్లాష్ ఖరీదైనదే. ఫోటోలో లయన్‌ఫిష్ ఉంటుంది, దాని ముందూ పక్కలా వందల కొద్దీ తెల్లచుక్కలుంటాయి. ఆ చుక్కల వెనక చేప పాలిపోయిన నీలంగా ఉంటుంది. 'నీళ్ళు బాగాలేవన్నా' అంటారు. నీళ్ళు బాగానే ఉన్నాయి. గాల్లో నిజమైన పాఠాన్ని మార్చకుండా నీళ్ళలోకి తీసుకుపోవడం వల్ల వచ్చిన చిక్కది.

నీళ్ళు గాలి కంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనవి. వెలుగులో ఉన్న రంగుల్ని అవి ఒక వరసలో మింగేస్తాయి. ముందు ఎరుపు పోతుంది, 5 మీటర్ల లోతుకే అందులో చాలా భాగం మిగలదు. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. చివరికి మిగిలేది నీలం. ఇంతవరకూ అందరికీ తెలుసు. చాలామంది మర్చిపోయేదేమిటంటే, ఈ మింగుడు లోతులోనే కాదు, అడ్డంగానూ జరుగుతుంది. ఫ్లాష్ నుంచి చేప దాకా వెళ్ళే దారిలోనూ, చేప నుంచి లెన్స్ దాకా తిరిగొచ్చే దారిలోనూ జరుగుతుంది. చేప 3 మీటర్ల దూరంలో ఉంటే వెలుగు నడిచే దారి మొత్తం 6 మీటర్లు. అంత నీళ్ళు దాటేసరికి మీ ఫ్లాష్‌లో ఉన్న ఎరుపంతా ఖర్చయిపోతుంది. పవర్ రెట్టింపు చేస్తే ఇంకాస్త నీలం వెలుగు వెళ్ళి వస్తుంది తప్ప ఎరుపు రాదు. దూరంలో పోగొట్టుకున్న రంగుని పవర్‌తో కొనుక్కోలేం.

అందుకే పవర్ చూసి కొనకండి అంటున్నాను. పెట్టె మీద గైడ్ నంబర్ అని ఒక అంకె వేస్తారు. అది గాల్లో కొలిచిన అంకె. నీళ్ళలో సుమారు మూడో వంతు అనుకోండి. గైడ్ నంబర్ 20 ఉన్న చిన్న ఫ్లాష్, ఐఎస్‌ఓ 100లో, ఎఫ్/8 దగ్గర దాదాపు 85 సెంటీమీటర్ల దాకా సరిపడా వెలుగునిస్తుంది. 33 ఉన్న పెద్దది 1.4 మీటర్ల దాకా ఇస్తుంది. అంటే రెండింటికీ మధ్య మీరు కొనుక్కునే తేడా అర మీటరు. ఆ అర మీటరుని ఫిన్ ఒక్కసారి నెమ్మదిగా తోస్తే ఉచితంగా దాటవచ్చు. పెద్ద ఫ్లాష్‌కి నిజమైన లాభాలు లేవని కాదు. దాన్ని సగం పవర్‌లో వాడితే మళ్ళీ సిద్ధమయ్యే సమయం తగ్గుతుంది, ఎదురుగా సూర్యుడున్నప్పుడు ముందున్న పగడాన్ని గట్టిగా వెలిగించగలుగుతుంది. మొదటిసారి కొనేవాళ్ళకి ఈ రెండూ అంత ముఖ్యం కాదు. పవర్ కంటే ముందు వెలుగు ఎంత వెడల్పుగా పరుచుకుంటుందో చూడండి. 100 డిగ్రీలు, ఆ పైన ఉంటే మంచిది. పవర్‌ని కొద్దికొద్దిగా తగ్గించుకునే మెట్లు ఎన్నున్నాయో చూడండి. మందపాటి గ్లౌజు వేసుకున్న చేత్తో ఆ నాబ్ తిరుగుతుందో లేదో దుకాణంలోనే చూడండి. మామూలు పెన్సిల్ సెల్స్ నాలుగింటితో పనిచేసేది అయితే మరీ మంచిది, ఛార్జర్ పాడైనా దీవిలో దొరికే సెల్స్‌తో ఆ రోజు గడుస్తుంది.

మిగిలిన డబ్బు ఫ్లాష్‌ని కెమెరాకి కలిపే ఆర్మ్‌ల మీద పెట్టండి. ఈ మాట ఎవరికీ నచ్చదు. అల్యూమినియం కడ్డీలకీ, బంతుల్లాంటి కీళ్ళకీ, క్లాంపులకీ అంత డబ్బు ఎందుకు అంటారు. పొట్టి ఆర్మ్ మీద ఖరీదైన ఫ్లాష్ కంటే పొడవాటి ఆర్మ్ మీద చవక ఫ్లాష్ మంచి ఫోటో ఇస్తుంది. ఎందుకో చెప్పాలంటే ఆ తెల్లచుక్కల దగ్గరికి రావాలి.

శీతాకాలం తెల్లవారుజామున లంబసింగి ఘాట్ రోడ్డులో బండి నడిపినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పొగమంచులో హైబీమ్ వేస్తే రోడ్డు కనబడదు, కళ్ళ ముందు తెల్లటి గోడ లేస్తుంది. సముద్రంలో ఎంత తేట నీళ్ళలోనైనా ఇసుక రేణువులు, నాచు తునకలు, కంటికి ఆనని జీవాలు తేలుతూ ఉంటాయి. కెమెరాకి ఆనించి ఉన్న ఫ్లాష్ వెలిగిందంటే లెన్స్‌కి ఎదురుగా ఉన్న ప్రతి రేణువూ ఆ వెలుగుని నేరుగా లెన్స్‌లోకే విసిరికొడుతుంది. దీన్నే డైవర్లు బ్యాక్‌స్కాటర్ అంటారు. కెమెరాలోనే ఉండే ఫ్లాష్‌తో ఈ బాధ తప్పదు, అది లెన్స్ నెత్తి మీదే కూర్చుంటుంది మరి. బయటి ఫ్లాష్ కొనడానికి అసలు కారణం వెలుగు పెంచుకోవడం కాదు, వెలుగుని లెన్స్‌కి దూరంగా జరుపుకోవడం.

ఈ విషయం నీటి అడుగు ఫోటోల చరిత్రలో మొదటి నుంచీ ఉంది. 1926లో ఫ్లోరిడా దగ్గర చేపల శాస్త్రవేత్త డాక్టర్ లాంగ్లీ, ఫోటోగ్రాఫర్ చార్ల్స్ మార్టిన్ కలిసి నీటి అడుగున రంగుల ఫోటోలు తీశారు. 1927 జనవరి నేషనల్ జాగ్రఫిక్‌లో అవి అచ్చయ్యాయి. వాళ్ళు మెగ్నీషియం పొడిని నీటి పైన తెప్ప మీద పేల్చారు. ప్రాణాంతకమైన పని అది, లాంగ్లీకి ఒళ్ళు కాలింది కూడా. కానీ వెలుగు పైనుంచి వచ్చింది, కెమెరా కింద ఉంది. రెండూ ఒకే గీత మీద లేవు. తర్వాతి కాలంలో సముద్ర అన్వేషకుడు కూస్తో బృందంతో కలిసి సముద్రంలోకి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ని తీసుకెళ్ళిన హెరాల్డ్ ఎడ్జర్టన్ దగ్గర నుంచి ఇవాళ్టి పిల్లల దాకా అందరూ కుస్తీ పట్టేది ఈ కోణంతోనే.

ఇక గురి సంగతి. నీళ్ళలో వస్తువులన్నీ ఉన్న దూరంలో ముప్పావు వంతులోనే ఉన్నట్టు కనిపిస్తాయి. 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చేప 60 దగ్గర ఉన్నట్టుంటుంది. మీరు పక్క నుంచి ఫ్లాష్‌ని ఆ కనిపించే చేప మీదికి తిప్పితే వెలుగు నడిబొడ్డు చేపకి 20 సెంటీమీటర్ల ఇవతల, ఖాళీ నీళ్ళ మీద పడుతుంది. రేణువులు వెలుగుతాయి, చేప వెలగదు. కాబట్టి చేప వెనక్కి గురిపెట్టండి. ఇంకా బాగా చెప్పాలంటే, అసలు లోపలికి తిప్పకండి. ఫ్లాష్ తలని నేరుగా ముందుకి ఉంచండి, వీలైతే ఒక 10, 15 డిగ్రీలు బయటికి తిప్పండి. చేప మీద పడాల్సింది వెలుగు మధ్యభాగం కాదు, దాని అంచు.

ఒక్కసారి కళ్ళ ముందు ఊహించుకోండి. లెన్స్ నుంచి ఒక గరాటు ఆకారంలో చూపు ముందుకు పోతుంది. ఫ్లాష్ నుంచి ఇంకో గరాటు ఆకారంలో వెలుగు పోతుంది. ఈ రెండు గరాటులూ ఎక్కడ కలుస్తాయో అక్కడి నుంచే రేణువులు మెరుస్తాయి. అవి చేప దగ్గరే కలిసేలా చూసుకుంటే, మధ్యలో ఉన్న నీళ్ళు చీకట్లోనే ఉండిపోతాయి. అందుకోసమే పొడవాటి ఆర్మ్ కావాలి, అందుకోసమే ఫ్లాష్ తల లెన్స్ పోర్ట్ (లెన్స్ ముందుండే గాజు) కంటే కాస్త వెనక ఉండాలి. వైడ్ ఫోటోకి, అంటే విశాలమైన దృశ్యానికి, చేప ఎంత దూరంలో ఉందో పక్కకి దాదాపు అంత దూరం జరపండి. నీళ్ళు మురికిగా ఉంటే ఇంకా జరపండి. ఒకే ఫ్లాష్ ఉంటే గడియారంలో 10, 11 గంటల దగ్గర ముల్లు ఉండే చోట పెట్టండి, పైనుంచి ఎండ పడినట్టే సహజంగా ఉంటుంది.

హేవ్‌లాక్‌లోని నెమో రీఫ్‌లో క్లౌన్‌ఫిష్ దగ్గర దీన్ని సాధన చెయ్యడం తేలిక. లోతు తక్కువ, గాలి ఎక్కువసేపు వస్తుంది, ఆ చేప తన ఎనిమోన్‌ని వదిలి ఎక్కడికీ పోదు. ఇసుకకి కాస్త పైన తేలుతూ, ఫ్లాష్‌ని ముందు కెమెరా పక్కనే పెట్టి ఒకటి తియ్యండి. ఆర్మ్ చాచి ఒకటి, తల బయటికి తిప్పి ఇంకొకటి తియ్యండి. మొదటి దాంట్లో ఎనిమోన్ వేళ్ళన్నీ చదునుగా, తెల్లగా అతుక్కుపోయి ఉంటాయి. చివరి దాంట్లో ఒక్కో వేలికీ ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ విడివిడిగా కనిపిస్తాయి, చివర్న ఉన్న ఊదారంగు ఉబ్బు కూడా తెలుస్తుంది. నారింజ రంగు మీద తెల్ల పట్టీకి ఉండే సన్నని నల్ల అంచు బయటపడుతుంది. పవర్ ఎక్కడా మార్చక్కర్లేదు. ఈ మూడు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకి నేను వేరే చెప్పాల్సిన పని ఉండదు.

మరీ చిన్న జీవుల సంగతి వేరు. వేలిగోరంత న్యూడిబ్రాంక్‌ని (గుల్లలేని సముద్రపు నత్తని) 10 సెంటీమీటర్ల దగ్గర్నుంచి తీసేటప్పుడు మధ్యలో ఉండే నీళ్ళు చాలా తక్కువ, బ్యాక్‌స్కాటర్ భయమూ తక్కువే. ఆర్మ్‌లు ముడిచి ఫ్లాష్‌ని పోర్ట్ పక్కకి తెచ్చుకోండి.

దగ్గరికి వెళ్ళండి. వెళ్ళానని అనిపించాక అందులో సగం దూరానికి వెళ్ళండి. ఒక మీటరు దాటితే ఫ్లాష్ పని మందగిస్తుంది, ఒకటిన్నర దాటితే దాని వల్ల ఉపయోగం లేదు. జూమ్ చేస్తే చేప దగ్గరవుతుంది గానీ నీళ్ళు తగ్గవు. అయితే దగ్గరికి వెళ్ళడం కాళ్ళ చేతిలో ఉన్న పని. బోయన్సీ, అంటే నీళ్ళలో మునగకుండా తేలకుండా నిలిచే పట్టు, కుదరని మనిషి పగడం మీద చెయ్యి వేస్తాడు, ఫిన్‌తో ఇసుక లేపుతాడు, ఆ ఇసుక తన ఫోటోలోనే తెల్లచుక్కలవుతుంది. అందుకే ఫ్లాష్ కొనేముందు బోయన్సీ కోర్సు చెయ్యమంటాను. ఫోటోగ్రఫీ దుకాణంలో ఈ సలహా దొరకదు.

ఎక్స్‌పోజర్ దగ్గర కూడా మామూలు అలవాటుకి ఎదురు నడవాలి. ముందు ఫ్లాష్ ఆర్పేసి, వెనకున్న నీలం నీళ్ళకి సరిపడా షటర్ స్పీడ్ పెట్టుకోండి. ఎండ ఉన్న మధ్యాహ్నం 10 మీటర్ల లోతులో ఐఎస్‌ఓ 200, ఎఫ్/8, 1/125 దగ్గర మొదలుపెట్టవచ్చు. నీలం మరీ వెలిసిపోతే షటర్ 1/200కి, కొన్ని కెమెరాల్లో 1/250కి పెంచండి, చాలా కెమెరాల్లో ఆ పైన ఫ్లాష్ కెమెరాతో కలవదు. నీలం మీకు నచ్చాక అప్పుడు ఫ్లాష్ వెలిగించండి. నీళ్ళ రంగుని షటర్ శాసిస్తుంది, చేప రంగుని అపర్చరూ ఫ్లాష్ పవరూ శాసిస్తాయి. ఈ రెండింటినీ వేరుగా పట్టుకోవడం వస్తే సగం పని అయినట్టే.

టీటీఎల్ అనే ఆటోమేటిక్ పద్ధతిని వైడ్‌లో నమ్మకండి. ఫ్రేమ్‌లో మూడొంతులు నీలం నీళ్ళే ఉంటే అది వెలుగు చాలలేదనుకుని పవర్ పెంచేస్తుంది, ముందున్న చేప తెల్లగా వెలిసిపోతుంది. భూమ్మీద మనిషి జరుగుతూ ఉంటాడు, దూరం మారుతూ ఉంటుంది, అక్కడ ఆటోమేటిక్ కావాలి. నీళ్ళలో మీరు ఎప్పుడూ దాదాపు ఒకే దూరం నుంచి తీస్తారు. పవర్ సగానికి పెట్టి ఒకటి తీసి, చూసి, ఒక మెట్టు ఎక్కించో దించో ఇంకోటి తీస్తే సరిపోతుంది. ఫ్రేమ్ నిండా జీవి ఉండే మాక్రోలో మాత్రం టీటీఎల్ బాగానే పనిచేస్తుంది, వాడుకోండి.

వైరు సంగతి కొనేటప్పుడే తేల్చుకోవాలి. నా ఓటు ఫైబర్ ఆప్టిక్ కేబుల్‌కే. కెమెరా చిన్న ఫ్లాష్ వెలిగితే ఆ వెలుగు కేబుల్ గుండా పోయి బయటి ఫ్లాష్‌ని లేపుతుంది. కరెంటు వైరు కాదు కాబట్టి హౌసింగ్‌కి, అంటే కెమెరాని నీళ్ళు తగలకుండా కాపాడే పెట్టెకి, రంధ్రం అక్కర్లేదు, ఉప్పునీళ్ళు దూరే దారి ఒకటి తగ్గుతుంది. ఇక్కడ చాలామందిని ఏడిపించే చిక్కు ఒకటుంది. కొన్ని కెమెరాలు అసలు మెరుపుకి ముందు ఒక చిన్న మెరుపు వేస్తాయి. బయటి ఫ్లాష్ ఆ మొదటి దానికే పేలిపోతే, షటర్ తెరుచుకునేసరికి దాని దగ్గర ఏమీ మిగలదు. ఫ్లాష్ వెలగడం మీరు కళ్ళారా చూస్తారు, ఫోటో మాత్రం నల్లగా వస్తుంది. ముందు మెరుపుని లెక్కచెయ్యకుండా వదిలేసే సెట్టింగ్ ఫ్లాష్‌లో ఉందా అని అడిగి కొనండి. బడ్జెట్ తక్కువైనవాళ్ళు ఎక్కువగా వాడే ఒలింపస్ టీజీ కెమెరాల్లో బయటి ఫ్లాష్ కోసం ఆర్‌సీ అనే మోడ్ ఉంది. మాన్యువల్ ఎక్స్‌పోజర్ లేకపోవడం ఆ కెమెరాల లోటు.

గోప్రో ఉన్నవాళ్ళు ఫ్లాష్ కొననే కొనకండి. దానికి ఫ్లాష్‌ని వెలిగించే మార్గమే లేదు. హౌసింగ్‌లో పెట్టిన ఫోన్‌తో తీసేవాళ్ళకీ వీడియో లైటే దారి.

సెకండ్‌హ్యాండ్ ఫ్లాష్ కొనండి, తప్పులేదు. కానీ సెల్స్ పెట్టే అర మూత విప్పి వెలుతురులో చూడండి. లోపలి స్ప్రింగుల మీద పచ్చటి చిలుము గానీ తెల్లటి పొడి గానీ కనబడితే అందులోకి ఎప్పుడో ఉప్పునీళ్ళు దూరాయని అర్థం, ధర ఎంత తగ్గించినా వదిలేయండి. ముందు గాజు లోపల మసకబారి ఉన్నా అంతే. కొత్తగా ఛార్జ్ చేసిన సెల్స్ వేసి ఫుల్ పవర్‌లో ఓ పదిసార్లు, మధ్యలో కాస్త ఆగుతూ వెలిగించి, ప్రతిసారీ సిద్ధం లైటు ఎంతసేపటికి వస్తుందో చూడండి.

మూతలో నీళ్ళు దూరకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ విషయంలో అతి శ్రద్ధ చేటు చేస్తుంది. గ్రీజు ఎక్కువ పూస్తే నీళ్ళు రావనుకుంటారు. ఎక్కువైన గ్రీజుకి ఇసుక, తల వెంట్రుకలు, టవల్ నూలు అంటుకుంటాయి, నీళ్ళు ఆ దారినే వస్తాయి. వేలికొసన చిటికెడు తీసుకుని, రింగుని రెండు వేళ్ళ మధ్య జారిస్తే మెరుపు కనిపించాలి, జిడ్డు కనిపించకూడదు. గాడిలో వేలితో కాక మెత్తని గుడ్డ అంచుతో తుడవండి. ఒక్క వెంట్రుక అడ్డం పడితే చాలు. బోటు మీద, తడి చేతులతో, జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా మూత తియ్యకండి. రోజుకి ఒక్కసారి, రాత్రి గదిలో సెల్స్ మార్చితే చాలు. ఫ్లాష్‌ని ఎండలో డెక్ మీద వదలకండి. డైవ్ అయ్యాక మంచినీళ్ళలో ముంచి, బటన్లన్నీ ఆ నీళ్ళలోనే నొక్కండి. విమానంలో విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే పెట్టుకోవాలి, చెకిన్ బ్యాగులో పెట్టకూడదు.

ఎప్పుడు ఆర్పాలో కూడా చెబుతాను. బారకుడాల గుంపు 5 మీటర్ల దూరంలో ఉంటే ఆర్పండి. పగడపు దిబ్బ మొత్తాన్ని ఒక్క ఫ్రేమ్‌లో పట్టాలంటే ఆర్పండి. విశాఖ రుషికొండ దగ్గర దిగేవాళ్ళు వైడ్ ఫోటోకి ఫ్లాష్ వాడకండి. అక్కడి నీళ్ళలో రేణువులు ఎక్కువ, మీరు వెలిగించేది వాటినే. ఆ నీళ్ళలో రాళ్ళ సందుల్లో ఉండే చిన్న జీవాల్ని అరచెయ్యి దూరం నుంచి తియ్యండి, అక్కడ ఫ్లాష్ బంగారం. ఈ తేడా తెలియక విశాఖ సముద్రాన్ని తిట్టుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

సముద్రపు గుర్రాల్లాంటి వాటి మీద ఫ్లాష్ వాడితే కళ్ళు పోతాయని చెప్పుకుంటారు. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో పశ్చిమ ఆస్ట్రేలియా సముద్రపు గుర్రాల కళ్ళకి ఫ్లాష్ వల్ల హాని కనబడలేదు. మనిషి చెయ్యి పెట్టి కదిలించినప్పుడే చేపలు గట్టిగా బెదిరాయి. కాబట్టి నా పట్టింపు వెలుగు మీద కంటే చెయ్యి మీద ఎక్కువ. జీవిని పుల్లతో తిప్పి, ముఖం కెమెరా వైపు పెట్టే గైడ్ మీకు సాయం చేస్తున్నాననుకుంటాడు, వద్దని చెప్పండి. మన చట్టం ప్రకారం సముద్రపు గుర్రాలూ పగడాలూ రక్షిత జాతులు. చాచిన ఆర్మ్ మీ శరీరంలో భాగం కాదని, అది ఎక్కడ తగులుతోందో మీకు తెలియదని గుర్తుంచుకుని, పగడాల మధ్య దూరేముందు దాన్ని ముడవండి. ఒక్కో జీవికి నాలుగైదు ఫోటోలు తీసి ముందుకు సాగండి. మీ వెనక వేరే డైవర్ల జత కూడా వరసలో ఉంటుంది.

రెండో ఫ్లాష్ ఎప్పుడు కొనాలి అని అందరూ అడుగుతారు, చాలామంది మొదటి దానితో పాటే కొనేస్తారు. ఆగండి. ఒక్క ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో చేపకి రెండో పక్కన పడే నీడ మీకు అడ్డుగా అనిపించడం మొదలవ్వాలి. ఆ నీడని ఆర్మ్ పైకెత్తి, పక్కకి జరిపి, తెల్లటి ఇసుక మీద వెలుగుని పడేసి తిప్పికొట్టించి తగ్గించుకునే ప్రయత్నాలన్నీ చేసి ఉండాలి. ఏ ఫోటోకి ఆ నీడ అందమో, దేనికి కాదో మీరు వేలుపెట్టి చూపించగలిగిన రోజున కొనండి. కొన్నాక కూడా దాన్ని మొదటి దానికంటే ఒకటి రెండు మెట్లు తక్కువ పవర్‌లోనే వాడండి.